తాత దూలానికి వేలాడదీసిన తోలు పట్టీలు: మన పల్లె వేట, వేట కుక్కల చరిత్ర తెలిసినవాళ్ళు చెప్పండి

పెన్న ఒడ్డు | ఆదివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లాలో కర్ణాటక సరిహద్దుకు ఆనుకుని ఉన్న పల్లె. పాత మిద్దె పడిపోయేలా ఉందని దించేస్తున్నాం. నిన్న ఒక దూలానికి కొట్టిన మేకుకు రెండు తోలు పట్టీలు, ఒక నూలు తాడు కనిపించాయి.

పట్టీలు మెడకు కట్టేవే. కానీ వెడల్పు ఎక్కువ, రెండున్నర అంగుళాలు ఉంటాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. రెండింటికీ బొటనవేలు సులువుగా దూరేంత ఇనుప కడియం ఉంది. కడియం పైవైపు తుప్పు పట్టింది గానీ లోపలివైపు వేలితో తడిమితే గాజులా నున్నగా ఉంది. తాడు ఎనిమిది అడుగులు. దానికి ఎక్కడా ముడి లేదు, కొక్కెం లేదు. గొలుసు తగిలించే ఏర్పాటే లేకపోతే కుక్కను ఎలా పట్టుకునేవాళ్ళు?

అవ్వను అడిగితే "మీ తాత వేటకుక్కలవి" అని మాత్రం అనింది. తాత పోయి ముప్పై ఏళ్ళు, నాన్న కూడా లేరు. ఇవి ఎలా వాడేవాళ్ళో, ఏ జాతి కుక్కలో తెలిసినవాళ్ళు చెప్తే చాలా సంతోషిస్తాను.

గొడ్ల డాక్టర్ | ఆదివారం, రాత్రి 10:02

పట్టీ వెడల్పే మీకు సగం జవాబు చెప్తోంది. మామూలు ఊరకుక్కకు తల మెడకంటే లావు, సన్నటి పట్టీ కట్టినా ఊడిరాదు. చూపుతో తరిమి వేటాడే జాగిలాలకు తల సన్నగా, పొడుగ్గా ఉంటుంది. మెడా తలా దాదాపు ఒకే లావు. సన్న పట్టీ వేస్తే వెనక్కి ఒక్క గుంజు గుంజి తల బయటికి తీసేస్తాయి. పైగా వాటి మెడ మీద కొవ్వు ఉండదు, చర్మం పల్చన. సన్న పట్టీ గొంతులోకి కోసుకుపోతుంది. అందుకే ఈ జాతులకు ఇప్పటికీ వెడల్పు పట్టీయే కడతారు.

మీ ప్రాంతం చూస్తే ముధోల్ అనే వేటజాతి రక్తం ఉన్న కుక్కలయి ఉండడానికే ఎక్కువ అవకాశం.

తుంగభద్ర బాబాయ్ | సోమవారం, ఉదయం 6:35

అబ్బాయ్, ఆ తాడు జాగ్రత్తగా పెట్టుకో. ముడి లేకపోవడమే దాని పనితనం.

మాది ఆదోని వైపు. నా పదేళ్ళ వయసులో మా పెదనాన్న చేతిలో అలాంటిదే చూశాను. తాడును రెండు కుక్కల కడియాల్లోంచి దూర్చి, రెండు కొసలూ కలిపి ఒకే పిడికిట్లో పట్టుకుంటారు. ఒక కొస అరచేతికి చుట్టి ఉంటుంది, రెండోది వదులుగా. కుందేలు లేచినప్పుడు వదులు కొసను విడిచిపెడితే చాలు, కుక్కల పరుగుకే తాడు కడియాల్లోంచి జారిపోతుంది. రెండూ ఒకే క్షణంలో విడుదలవుతాయి. గొలుసు కొక్కెం విప్పుకుంటూ కూర్చుంటే కుందేలు వంక దాటిపోదూ! కడియం లోపల నునుపు ఎలా వచ్చిందో అర్థమైంది కదా. అది తాడు జారిన జాడ.

మా వైపు ఉగాది రోజుల్లో వేట ఉండేది. పంట కోసేసి చేలన్నీ ఖాళీగా ఉంటాయి. నల్లరేగడిలో మనుషులు చేయి చేయి అందేంత దూరంలో వరుసకట్టి నడిచేవాళ్ళు. మాట్లాడకూడదు. కుక్కలు పట్టుకున్నవాళ్ళు వరుసకు కాస్త ముందు. కుందేలు లేవగానే వదలరు, కొంత దూరం పోనిస్తారు. పోనిచ్చి వదలడమే మర్యాద అనేవాడు పెదనాన్న. కుందేలు తిన్నగా పరిగెత్తదు, కుక్క మూతి తోక దగ్గరికి వచ్చిందనగా సర్రున మలుపు తిరుగుతుంది. వేగంలో ఉన్న కుక్క ముందుకు కొట్టుకుపోతుంది. అప్పుడు జతలోని రెండోది అడ్డం వస్తుంది. అందుకే రెండు కుక్కలు, రెండు పట్టీలు. చాలాసార్లు కుందేలే గెలిచేది.

బాసర దారి | సోమవారం, ఉదయం 9:20

మా నిర్మల్ జిల్లాలోనే ముధోల్ ఉంది. కుక్క కావాలని ఫోన్లు చేసేవాళ్ళు కూడా ఉన్నారు. అక్కడ అలాంటి జాతి ఏదీ లేదు కదా, ఈ పేరు ఎక్కడిది?

కన్నడ అల్లుడు | సోమవారం, ఉదయం 10:48

అన్నా, అది వేరే ముధోళ. కర్ణాటకలో బాగల్‌కోట్ జిల్లాలో ఉంది, ఘటప్రభ నది ఒడ్డున. మా అత్తగారి ఊరు దానికి దగ్గరే. ఒకప్పుడు చిన్న సంస్థానం, పాలించింది ఘోర్పడే వంశం. వాళ్ళలో రాజా మాలోజీరావు ఘోర్పడే చుట్టుపక్కల పల్లెల్లో బేడర్ల దగ్గర ఉన్న ఈ సన్నటి కుక్కలను గమనించి, మంచివాటిని ఏరి, శ్రద్ధగా పెంచాడు. ఇంగ్లండ్ వెళ్ళినప్పుడు ఐదో జార్జి చక్రవర్తికి ఒక జతను కానుకగా ఇచ్చాడంటారు. అలా సంస్థానం పేరే కుక్క పేరైంది.

రాజు పేరు నిలిచింది సరే. కానీ రాజు కంటే ముందు తరతరాలుగా ఈ కుక్కను కాపాడింది బేడర్లు. మన సీమలో బోయలంటామే, వాళ్ళకు దగ్గరివాళ్ళు. వేట వాళ్ళ బతుకు. 1857లో కంపెనీ ప్రభుత్వం ఆయుధాలు అప్పగించాలని చట్టం తెస్తే ముధోళ సంస్థానంలోని హలగలి బేడర్లు ఒప్పుకోలేదు. ఊరి మీదికి సైన్యాన్ని పంపారు, ఇళ్ళు తగలబెట్టారు, చాలామందిని ఉరితీశారు. హలగలి బేడర్ల మీద లావణి పాటలు ఈనాటికీ పాడతారు. కుక్క చరిత్ర రాసేటప్పుడు ఆ మనుషులను వదిలేస్తే నాకు మనసొప్పదు.

మహారాష్ట్ర వైపు ఇదే కుక్కను కారవాన్ అంటారు, చెవులకూ తోకకూ కుచ్చు వెంట్రుకలుండే రకాన్ని పష్మీ అంటారు. ముధోళ దగ్గర తిమ్మాపూర్‌లో కర్ణాటక పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ళ శునక పరిశోధన కేంద్రం ఉంది. పిల్లలు కావాలంటే అక్కడ అడగండి, నిర్మల్ వాళ్ళను ఇబ్బంది పెట్టకండి.

శిలాక్షరం | సోమవారం, మధ్యాహ్నం 1:15

వేటకుక్క చరిత్ర అన్నారు కాబట్టి నాకు ప్రాణప్రదమైన ఒక రాయి గురించి చెప్పాలి.

కర్ణాటకలో మండ్య జిల్లా ఆతకూరు. అక్కడ దొరికిన వీరగల్లు (వీరుల జ్ఞాపకార్థం నిలిపే రాయి) ఇప్పుడు బెంగళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. శక 872 నాటిది, అంటే దాదాపు క్రీ.శ. 950. రాష్ట్రకూటులకూ చోళులకూ జరిగిన తక్కోలం యుద్ధంలో చోళ రాజాదిత్యుడు చనిపోయాడు కదా, రాష్ట్రకూట మూడో కృష్ణుడి పక్షాన గంగరాజు బూతుగుడు పోరాడాడు. బూతుగుడి దగ్గర మణలేరుడనే వీరుడు ఉన్నాడు. యుద్ధంలో అతని సాహసానికి మెచ్చి ప్రభువు "ఏం కావాలో కోరుకో" అన్నాడు. ఊళ్ళు అడగొచ్చు, బంగారం అడగొచ్చు. మణలేరుడు "కాళి" అనే వేటకుక్కను అడిగాడు!

తర్వాత ఒక కొండ దగ్గర పెద్ద అడవి పంది మీదికి కాళిని వదిలారు. కుక్కా పందీ రెండూ పోరాడి చచ్చిపోయాయి. మణలేరుడు ఆతకూరులో చల్లేశ్వరుడి గుడి ముందు ఆ కుక్క పేరిట రాయి నిలబెట్టించి, దానికి పూజ జరగడానికి చెరువు కింద భూమి రాసిచ్చాడు. రాయికి పూజ చేయకుండా గుడి పూజారి అన్నం తింటే పాపం చుట్టుకుంటుందని కూడా చెక్కించాడు.

నేను ఆ రాతి ముందు గంటసేపు నిలబడ్డాను. పైన కుక్కా పందీ ఎదురెదురుగా చెక్కి ఉన్నాయి. పంది బరువుగా, తల దించి ఉంది. కుక్క దాని మూతి మీదికి లంఘిస్తోంది. చుట్టూ అక్షరాలు. ఒక సామ్రాజ్య యుద్ధం కబురు మనకు చెప్తున్న ముఖ్యమైన శాసనాల్లో ఇదొకటి, దాన్ని చెక్కించింది మాత్రం ఒక కుక్క కోసం.

కృష్ణజింక | సోమవారం, రాత్రి 8:30

అందరి ప్రేమా అర్థమవుతోంది, కానీ కుందేలు వైపు నుంచి కూడా ఒకరు మాట్లాడాలి. నేను కర్నూలు వైపు గడ్డిమైదానాల్లో పక్షుల లెక్కింపుకు వెళ్తుంటాను. వేటకుక్కలతో యువకులు బైకుల మీద రావడం కళ్ళారా చూశాను. ఒకసారి గర్భంతో ఉన్న కుందేలును పట్టుకుని ఫోన్లో వీడియో తీసుకుంటున్నారు. బాబాయ్ గారు చెప్పిన "పోనిచ్చి వదలడం" అక్కడ లేదు. ఒక కుందేలుకు ఆరు కుక్కలు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. తరమడం, ఉచ్చు వేయడం, పట్టుకోవడం, ఎర పెట్టడం అన్నీ వేట కిందికే వస్తాయి. కుక్కను పెంచుకోవడం తప్పు కాదు, అడవి జంతువు మీదికి ఉసిగొల్పడం నేరం. ఈ చర్చ చదివి ఎవరైనా ఉత్సాహపడితే ఆ పాపం మనకే.

తుంగభద్ర బాబాయ్ | సోమవారం, రాత్రి 9:05

తల్లీ, నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. అప్పట్లో బీళ్ళు ఉండేవి, కుందేళ్ళూ ఉండేవి. ఇప్పుడు బీడంతా బోర్లు వేసి తోటలయ్యాయి. మిగిలిన నాలుగు కుందేళ్ళ వెంట పడటం వేట కాదు. మా పెదనాన్న ఉంటే వాళ్ళ చేతిలో తాడు లాక్కునేవాడు.

రాజపాళెం మనవడు | మంగళవారం, ఉదయం 7:50

నమస్కారమండీ. మేము తమిళనాడులో ఉంటాము, విరుదునగరం జిల్లా రాజపాళెం. మా రాజుల కులంవాళ్ళ పూర్వీకులు విజయనగరం కాలంలో ఆంధ్ర దేశం నుంచి వచ్చినవాళ్ళు, ఇంట్లో ఇప్పటికీ తెలుగే మాట్లాడుకుంటాము. తప్పులుంటే మన్నించండి.

మీ అందరికీ తెలిసిన తెల్ల రాజపాళెం కుక్క మా ఊరిదే. పాల తెలుపు, గులాబిరంగు ముక్కు, కాస్త వాలిన చెవులు. ఇది కుందేలు వెంట పరుగుకు మాత్రమే కాదు, అడవి పందిని అడ్డగించడానికి, ఇల్లు తోట కాయడానికి. పాలెగాళ్ళ దగ్గర ఇలాంటివి ఉండేవి గనక ఇంగ్లీషువాళ్ళు పోలిగార్ హౌండ్ అని రాసుకున్నారు. చిప్పిపారై, కన్ని కుక్కలు కూడా మా చుట్టుపక్కలవే, అవి ఇంకా సన్నం.

మా తాతగారి ఇంట్లో కుక్కకు పొద్దున కేప్పగంజి (రాగి గంజి), సాయంత్రం అన్నంలో మజ్జిగ. మాంసం ఎప్పుడో. తాతగారికి తప్ప ఇంకెవరి చేతినీ తాకనిచ్చేది కాదు. ఆయన పోయాక పదకొండు రోజులు అది వీధి అరుగు దిగలేదు.

ఇప్పటి సంగతి చెప్తే బాధ. మచ్చలేని తెలుపు కావాలని కొనేవాళ్ళు అడుగుతారు, అమ్మేవాళ్ళు తండ్రికి కూతురినే జత కడతారు. చెవుడు పిల్లలు పుడుతున్నాయి. నేను ఆన్‌లైన్లో డబ్బు కట్టి తెప్పించుకున్న పిల్లకు రెండు చెవులూ వినపడవు. అమ్మినవాడు తర్వాత ఫోన్ ఎత్తలేదు.

గొడ్ల డాక్టర్ | మంగళవారం, ఉదయం 11:30

మనవడు గారూ, ఆ తెలుపుకూ చెవుడుకూ సంబంధం నిజమే. చర్మానికి రంగునిచ్చే కణాలే లోపలి చెవిలో కూడా ఉంటాయి. అవి లేకపోతే పుట్టిన కొన్ని వారాల్లోనే లోపలి చెవి నరాలకు సంబంధించిన భాగం చచ్చిపోతుంది. డాల్మేషియన్లలోనూ ఇదే ఇబ్బంది. పిల్ల నిద్రలో ఉన్నప్పుడు దానికి కనపడకుండా, గాలి తగలకుండా వెనక చప్పట్లు కొట్టి చూడండి. తోబుట్టువుల మధ్య ఉన్నప్పుడు వద్దు, పక్కవి లేస్తే ఇదీ లేస్తుంది. ఒక చెవి మాత్రమే పోతే ఇలా తెలియదు, దానికి వేరే పరీక్ష ఉంది. మచ్చ ఉన్న పిల్లను తక్కువగా చూడకండి. వేటకు పెంచిన కాలంలో చెవిటి కుక్కను ఎవరూ జత కట్టేవాళ్ళు కాదు.

ఇంకొక మాట, ఈ సన్నజాతి కుక్కలు పెంచేవాళ్ళంతా గుర్తుపెట్టుకోండి. వీటి ఒంట్లో కొవ్వు చాలా తక్కువ. థయోపెంటోన్ లాంటి మత్తుమందు ఇస్తే చాలాసేపటికి గానీ తేరుకోవు. ఆపరేషన్ అంటే ముందే డాక్టర్‌కు జాతి పేరు చెప్పండి. పరుగు కూడా వీటిది వేరు. వెన్ను విల్లులా వంగి సాగుతుంది, ఒక్కో దూకులో రెండుసార్లు నాలుగు కాళ్ళూ నేల వదులుతాయి: కాళ్ళన్నీ పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు ఒకసారి, ముందుకూ వెనక్కూ చాచినప్పుడు ఒకసారి. అలాంటి ఒళ్ళును మూడో అంతస్తు ఫ్లాట్‌లో కట్టేసి ఉంచితే అది తలుపులు కొరుకుతుంది. తప్పు కుక్కది కాదు.

కొల్లేటి గాలి | మంగళవారం, రాత్రి 8:12

మా గోదావరి జిల్లాల్లో "వేట" అంటే ముందు గుర్తొచ్చేది మేక మాంసం. ఆదివారం వేటమాంసం తెచ్చుకున్నాం అంటాం. అందుకే శీర్షిక చూసి లోపలికి వచ్చాను, వచ్చాక కదల్లేకపోయాను.

మా జొనంగి గురించి ఎవరూ చెప్పలేదు. కొల్లేరు చుట్టుపక్కల, కృష్ణా, పశ్చిమ గోదావరి పల్లెల్లో ఉండేది. ఒంటి మీద వెంట్రుక ఉందా లేదా అన్నట్టు పొట్టిగా, నుదుటి మీద ముడతలతో ఎప్పుడూ ఏదో ఆలోచిస్తున్నట్టు ఉంటుంది. మామూలు కుక్కలా మొరగదు, గొంతు సాగదీసి ఒక రాగంలా కూస్తుంది. చిన్న జంతువులను వేటాడగలదు, కానీ దాని అసలు గొప్పతనం బాతులు కాయడంలో ఉంది. వేల బాతులను కోతలైన వరి మళ్ళలోకి తోలుకెళ్ళే వాళ్ళ వెంట ఈ కుక్కలు ఉండేవి. పంటి కిందికి వచ్చే పిట్టను పట్టకుండా, మందలోకి తిప్పితే చాలని దానికి ఎవరు నేర్పారో! చేపల చెరువులు వచ్చాక బాతుల మందలు తగ్గాయి, మందలతోపాటు ఇదీ తగ్గింది. మా ఊళ్ళో చివరిది నా ఇంటర్ రోజుల్లో చూశాను.

లెస్టర్ తెలుగు | బుధవారం, ఉదయం 4:40

నేనుండేది ఇంగ్లండ్‌లో లెస్టర్‌షైర్. నక్కల వేటకు పేరుపడ్డ ప్రాంతం. ఇక్కడి క్వార్న్ వేటబృందాన్ని 1753 నుంచి దాదాపు యాభై ఏళ్ళు నడిపిన హ్యూగో మేనెల్ అనే భూస్వామిని ఆధునిక నక్కవేటకు ఆద్యుడంటారు. వేగం, ముక్కు రెండూ ఉన్న జాగిలాల కోసం జతలు ఎంచి ఎంచి కట్టాడు. వీళ్ళ జాగిలాలు చూపుతో కాదు, వాసనతో వేటాడతాయి. తడి నేల, కంచెపొదలు, మబ్బు వాతావరణం. వాసన నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. మన దక్కనులో ఎండకు వాసన ఆవిరైపోతుంది, చెట్టూ చేమా లేని మైదానంలో చూపు మైళ్ళు సాగుతుంది. అందుకే అక్కడ కన్నూ కాళ్ళూ, ఇక్కడ ముక్కూ గొంతూ.

బాబాయ్ గారి రెండు పట్టీల మాట చదివాక ఒకటి గుర్తొచ్చింది. ఇక్కడ జాగిలాలను జతల్లోనే లెక్కపెడతారు. పాతిక కుక్కలుంటే పన్నెండున్నర జతలు అంటారు. కూనలను చుట్టుపక్కల రైతుల ఇళ్ళకు పెంపకానికి ఇస్తారు, పెద్దయ్యాక మందలోకి తీసుకుంటారు. ఏ తల్లికి ఏ తండ్రికి ఏది పుట్టిందో 18వ శతాబ్దం నుంచి రాసిపెట్టిన పుస్తకాలున్నాయి. నాకు అసూయ కలిగేది అక్కడే. వేట విషయంలో కాదు, ఆ రాతలో.

2004 చట్టంతో ఇక్కడ కుక్కలతో నక్కను వేటాడటం నిషేధం. ముందే పరిచిన వాసన వెంట జాగిలాలను పరిగెత్తిస్తామని బృందాలు కొనసాగుతున్నాయి. ఆ ముసుగులో నక్కలను చంపుతున్నారనే గొడవ కూడా ఆగలేదు.

నీలగిరి ఉద్యోగి | బుధవారం, ఉదయం 8:25

దొరలు ఇదే వేటను మన మద్రాసు ప్రెసిడెన్సీలోకి కూడా తెచ్చారు. ఊటీ చుట్టూ ఉన్న గడ్డి కొండల మీద ఇంగ్లండ్ నుంచి ఓడల్లో తెప్పించిన జాగిలాలతో, ఇంగ్లండ్ నక్క (ఫాక్స్) బదులు ఇక్కడి నక్కను (జాకాల్) తరిమేవాళ్ళు. ఆ మైదానాలకు పేరు 1890లలో మద్రాసు గవర్నర్‌గా ఉన్న వెన్లాక్‌ది. ఆ గడ్డి కొండలు తరతరాలుగా తోడలనే గిరిజనులు బర్రెలు మేపుకున్న నేల.

అహోబిలం మెట్లు | బుధవారం, మధ్యాహ్నం 12:10

జంతువు చావని వేట ఒకటి ఉంది, పారువేట. కనుమ నాడు అహోబిలంలో మొదలై స్వామివారి పల్లకీ నలభై రోజులకు పైగా చుట్టుపక్కల పల్లెలు తిరుగుతుంది. చెంచులు బాణాలు వేసి సాగనంపుతారు. చెంచులక్ష్మి పుట్టింటివాళ్ళు కదా! పల్లకీ మోసే హక్కు, పల్లకీ దించే అరుగు ఏ ఊళ్ళో ఎక్కడో అన్నీ తరతరాలుగా ఖాయం. మా చిన్నప్పుడు పల్లకీ ముందు కుక్కలు కూడా నడిచి వచ్చేవి, ఎవరూ అదిలించేవాళ్ళు కాదు.

పెన్న ఒడ్డు | ఆదివారం, రాత్రి 9:55

వారం తర్వాత రాస్తున్నాను. మీరు చెప్పినవన్నీ ప్రింట్ తీసి ఊరికి తీసుకెళ్ళాను. తాతతోపాటు తిరిగిన గొర్రెలకాపరి ఒకాయన ఇంకా ఉన్నాడు, ఎనభై దాటాయి, చూపు సరిగా ఆనదు. పట్టీలూ తాడూ ఒళ్ళో పెట్టాను. ఏమీ అడగకముందే తాడును రెండు కడియాల్లోంచి దూర్చి, ఒక కొస అరచేతికి చుట్టి, రెండోది బొటనవేలి కింద నొక్కిపట్టాడు. బాబాయ్ గారు రాసింది రాసినట్టే. కాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

పెద్ద పట్టీ మగకుక్క రాజుదట. చిన్నది సివంగిది. చట్టం వచ్చిన కొత్తలో ఊళ్ళో దండోరా వేశారట, ఇక వేట కూడదని. తాత ఆ ఉగాదికి కుక్కలను తీసుకుని బీడు దాకా వెళ్ళి, వదలకుండా తిరిగొచ్చి, పట్టీలు విప్పి దూలానికి తగిలించాడట. ఆ తర్వాత రెండూ శెనక్కాయ చేను కాపలాకే. కృష్ణజింక అక్కా, ఈ సంగతి మీకు చెప్పాలనిపించింది.

సివంగికి ఏడు పిల్లలు. డబ్బుకు ఇవ్వలేదట, ఊరికే కూడా ఇవ్వలేదట. తీసుకున్నవాళ్ళు ఒక పడి కొర్రలు తల్లికుక్క ముందు పోసి తీసుకెళ్ళాలి. ఒక పిల్ల సరిహద్దు అవతల ఒక కన్నడ పల్లెకు పోయింది. ఆ ఇంటివాళ్ళ దగ్గర ఇప్పటికీ సన్నటి కుక్కలున్నాయని ఆయన మాట. వచ్చే ఆదివారం వెళ్తున్నాను. కన్నడ అల్లుడు గారూ, మీరు తోడొస్తే మాట సాయంగా ఉంటుంది. డాక్టర్ గారూ, చెవి పరీక్ష ఎలా చేయాలో రాసుకున్నాను. తల్లి పేరు, తండ్రి పేరు, ఊరు అడిగి ఒక నోటుబుక్కులో మొదటి పేజీ నుంచి రాయడం మొదలుపెడతాను.

పట్టీలకు ఆముదం రాస్తున్నాను. పెద్దది ఇంకా బిగుసుకునే ఉంది. సివంగి పట్టీ మెత్తబడింది.